ఫానన్‌ను చదవాలనుకుంటే పుస్తకాన్ని వెనక నుంచి తెరవండి

ఫ్రాంజ్ ఫానన్ పేరు మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఎవరో వ్యాసంలో ఆయన మాట ఒకటి ఎత్తి రాస్తారు, ఇంకెవరో ఊరేగింపు ఫొటో కింద ఆయన వాక్యం పెడతారు, మరొకరు "హింసను సమర్థించినాయన" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సరే, అసలు ఏం రాశాడో చూద్దామని వలస పాలన మీద ఆయన రాసిన "ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్" తెరుస్తాం. ముందు ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ రాసిన ముందుమాట ఉంటుంది, అది నిప్పులాంటిది, అది దాటగానే హింస గురించిన మొదటి అధ్యాయం, అది ఇంకా వేడి. ముప్పై పేజీలు తిరిగేసరికి ఊపిరాడక పుస్తకం పక్కన పెట్టేస్తాం. నేను రెండుసార్లు అలాగే పెట్టేశాను. మూడోసారి ఎందుకో వెనక పేజీలు తిప్పుతూ ఐదో అధ్యాయం దగ్గర ఆగాను, అక్కడ ఒక డాక్టరు తన పేషెంట్ల గురించి నెమ్మదిగా, గొంతు పెంచకుండా రాసుకున్న కేసులు ఉన్నాయి, అవి చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మొదటి అధ్యాయానికి వెళ్తే అది వేరే పుస్తకంలా అనిపించింది.

ఈ గైడ్ రాయడానికి కారణం అదే. ఫానన్ ముందు సైకియాట్రిస్ట్, తర్వాతే మిగతావన్నీ. రోగం మనిషి లోపల ఉందా, ఆ మనిషిని బతకమన్న చోట ఉందా అనే ప్రశ్నను ఆయన ఒక ఆస్పత్రి వార్డులో మొదలుపెట్టి దేశాల దాకా తీసుకెళ్ళాడు. ఆ వార్డు చూడకుండా మిగతాది చదివితే నినాదాలే కనిపిస్తాయి.

ముందు తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి

ఆయన రాసిందంతా సుమారు పదేళ్ళలోనే, ఆ పదేళ్ళలో చుట్టూ ప్రపంచం ఏడాదికో రకంగా మారింది. అందుకని ఏ పేజీ ఎప్పుడు రాశాడో తెలియకపోతే చాలా తప్పుగా అర్థమవుతుంది. 1925 జులై 20న కరీబియన్‌లో ఫ్రాన్స్ వలసగా ఉన్న మార్టినిక్ ద్వీపంలో, ఫోర్-ద-ఫ్రాన్స్ పట్టణంలో పుట్టాడు. అక్కడి బడిలో కవి ఎమే సెజేర్ పాఠాలు చెప్పేవాడు. 1943లో, ఇంకా ఇరవై కూడా నిండకుండానే, నాజీల మీద పోరాడే ఫ్రెంచ్ సైన్యంలో చేరడానికి ద్వీపం దాటి వెళ్ళాడు. ఫ్రాన్స్‌లో యుద్ధంలో గాయపడ్డాడు, పతకం వచ్చింది, కానీ ఏ దేశం కోసం ప్రాణం పెట్టాలనుకున్నాడో ఆ దేశపు సైన్యమే చర్మం రంగును బట్టి మనుషుల్ని విడదీసి చూడడం ఆయన మనసును విరిచేసింది.

తర్వాత లియోన్‌లో వైద్యం చదివాడు. 1952లో మొదటి పుస్తకం "బ్లాక్ స్కిన్, వైట్ మాస్క్స్". 1953 నవంబరులో, అప్పట్లో ఫ్రాన్స్ పాలనలో ఉన్న అల్జీరియాలోని బ్లిదా మానసిక ఆస్పత్రికి వెళ్ళాడు. 1954 నవంబరు 1న అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది, ఆ పోరాటాన్ని నడిపించిన సంస్థ ఎఫ్ఎల్ఎన్. 1956 చివర్లో ఆస్పత్రి ఉద్యోగానికి రాజీనామా చేశాడు, 1957 జనవరిలో ఆయన్ని దేశం నుంచి పంపేశారు, అక్కణ్ణుంచి ట్యునీషియా రాజధాని ట్యునిస్ చేరాడు. 1959లో అల్జీరియా విప్లవం మీద పుస్తకం. 1960 చివర్లో లుకేమియా అని తేలింది. 1961లో, ఇక ఎక్కువ రోజులు లేవని తెలిసి, కొద్ది నెలల్లో "ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్" పూర్తిచేశాడు. ఆ డిసెంబరు 6న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, బెథెస్డా ఆస్పత్రిలో చనిపోయాడు. వయసు 36. అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది 1962 జులై 5న, ఆయన పోయిన ఏడు నెలలకి.

ఈ కాగితాన్ని పుస్తకంలో గుర్తుగా పెట్టుకుని, ప్రతి వ్యాసం మొదలుపెట్టే ముందు ఒకసారి చూడండి. 1952లో ఆయన అల్జీరియాలో పనిచేయడం ఇంకా మొదలుకాలేదు. 1961లో మరణం పక్కన కూర్చుని ఉంది. ఆ రెండు గొంతులూ ఒక్కటి కావు.

మొదటి మెట్టు: ఐదో అధ్యాయం, రోజుకు ఒక్క కేసు

"ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్" చివరి అధ్యాయం పేరు వలస యుద్ధమూ మానసిక రుగ్మతలూ. ఒక్కసారే కూర్చుని మొత్తం చదవకండి. రోజుకు ఒక కేసు చదివి పుస్తకం మూసి, ఇందులో పేషెంట్ ఎవరు, రోగం ఎక్కడుంది అని మీలో మీరే అడగండి. ఫానన్ అక్కడ పెద్దగా వ్యాఖ్యానించడు, జరిగింది చెప్పి వదిలేస్తాడు, కాబట్టి ఆ పని మనమే చేయాలి.

ఒక కేసు చెప్తాను. ఒక యూరోపియన్ పోలీసు ఉన్నాడు, ఖైదీలను చిత్రహింసలు పెట్టడం అతని ఉద్యోగంలో భాగం. రాత్రయితే ఆ అరుపులు చెవుల్లో మోగుతాయి. కిటికీ తలుపులు బిగిస్తాడు, చెవుల్లో దూది పెట్టుకుంటాడు, అయినా వినిపిస్తూనే ఉంటాయి. ఆస్పత్రిలో చేరడం ఇష్టంలేక ఫానన్ ఇంటికే వచ్చి చికిత్స తీసుకుంటుంటాడు. ఒకరోజు ఫానన్ ఇంటికి వచ్చేలోపు, ఆ ఇల్లున్న ఆస్పత్రి ఆవరణలో నడుస్తుంటే ఒక పేషెంట్ ఎదురుపడ్డాడు, చూస్తే తాను స్టేషన్‌లో హింసించిన అల్జీరియన్. పోలీసు ఒక చెట్టుకు ఆనుకుని వణికిపోతూ, చెమటలు కక్కుతూ ఫానన్‌కు కనిపించాడు. ఆ అల్జీరియన్ పేషెంట్ మాత్రం కనిపించలేదు, వెతికితే బాత్‌రూమ్‌లో ఆత్మహత్యకు ప్రయత్నిస్తూ దొరికాడు, తనను మళ్ళీ పట్టుకుపోవడానికే ఆ పోలీసు వచ్చాడని అతని భయం. అక్కడికి పోలీసులు రారు, అది నీ భ్రమ అని నచ్చజెప్పడానికి సిబ్బందికి చాలా సమయం పట్టింది. నిజానికి అతను చూసింది భ్రమ కాదు.

ఒకే ఆవరణలో ఇద్దరు పేషెంట్లు, ఇద్దరికీ ఒకే డాక్టరు. ఇద్దరినీ రోగులను చేసింది ఒకే వ్యవస్థ, అలాగని ఇద్దరూ సమానమని ఫానన్ ఎక్కడా అనడు. ఈ రెండు ముక్కలూ ఒకేసారి మనసులో పట్టుకోగలిగితే ఫానన్‌లో సగం అర్థమైనట్టే, నన్నడిగితే.

దాని తర్వాతి కేసులో ఇంకో పోలీసు అధికారి, ఇంట్లో పెళ్ళాం పిల్లల్ని కొడుతున్నాడు, అది తన పని వల్లేనని తనకే తెలుసు. అతను డాక్టర్ని అడిగింది ఉద్యోగం మానడానికి సాయం కాదు, మనసుకు బాధ లేకుండా అదే పని చేసుకుంటూ పోవడానికి సాయం. ఇంకోచోట పదమూడు, పద్నాలుగేళ్ళ ఇద్దరు అల్జీరియన్ పిల్లలు, తమతో రోజూ ఆడుకునే యూరోపియన్ స్నేహితుణ్ణి చంపేశారు. వాడు మీకేం చేశాడని అడిగితే ఏమీ చేయలేదన్నారు. మరి వాణ్ణే ఎందుకంటే, పెద్దవాళ్ళను మేం చంపలేం కదా, వాడు మా ఈడువాడు, పిలిస్తే మాతో వస్తాడు అన్నారు. ఫానన్ ఆ మాటల్ని అలాగే రాసిపెట్టాడు, పక్కన క్షమాపణా లేదు, సమర్థనా లేదు. ఈ పేజీ చదివినవాళ్ళు ఫానన్ హింసను పండగ చేసుకున్నాడని అనగలరని నేను అనుకోను.

ఆ అధ్యాయం ఆఖరి భాగాన్ని విడిగా, జాగ్రత్తగా చదవండి. అల్జీర్స్ వైద్య కళాశాలలో ఆంత్వాన్ పోరో అనే ప్రొఫెసరూ ఆయన శిష్యులూ కలిసి ఒక సిద్ధాంతాన్ని సైన్సు పేరుతో దశాబ్దాలపాటు బోధించారు. ఉత్తర ఆఫ్రికా ముస్లిం మెదడు నిర్మాణంలోనే తేడా ఉందని, అతను పుట్టుకతోనే అబద్ధాలకోరు, హింసాపరుడు అని. డాక్టర్లు ఇది చదువుకునే డాక్టర్లయ్యారు. ఫానన్ దాన్ని ఒక్కో ముక్కా విప్పి చూపిస్తాడు. విచారణలో అల్జీరియన్ నేరం ఒప్పుకోకపోవడం అబద్ధం చెప్పే జబ్బు కాదు, ఆ కోర్టునూ ఆ న్యాయాన్నీ తనదిగా ఒప్పుకోకపోవడం అంటాడు. ఈ ఒక్క వాదన ఎంత దూరం వెళ్తుందో ఆలోచించండి. సోమరి, మొండి, మాట వినడు అని ఒక మొత్తం జనం మీద ముద్ర వేసినప్పుడల్లా, ముద్ర వేసినవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడని అడగడం మనకు అక్కడ నేర్పుతాడు.

రెండో మెట్టు: బ్లిదా వార్డు

ఇది చాలామంది చదవరు, ఎందుకంటే ఆయన వైద్య వ్యాసాలు చాలాకాలం పాత పత్రికల్లోనే ఉండిపోయాయి. 2015లో ఫ్రెంచ్‌లో, 2018లో "ఎలియనేషన్ అండ్ ఫ్రీడమ్" పేరుతో ఇంగ్లీష్‌లో ఒకచోటికి వచ్చాయి. పుస్తకం లావుగా ఉంటుంది, భయపడకండి, మొత్తం చదవక్కర్లేదు. జాక్ అజులే అనే యువ డాక్టరుతో కలిసి 1954లో రాసిన వ్యాసం ఒక్కటి వెతికి పట్టుకోండి.

దాని వెనక కథ ఇది. బ్లిదాకు ముందు ఫానన్ ఫ్రాన్స్‌లోని సెంట్-ఆల్బన్ ఆస్పత్రిలో ఫ్రాన్సువా తోస్కెల్ దగ్గర పనిచేశాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన ఉండి, పారిపోయి వచ్చిన కాటలాన్ డాక్టరు ఆయన. పేషెంట్‌కు వైద్యం చేయాలంటే ముందు ఆస్పత్రికే వైద్యం చేయాలన్నది అక్కడి పద్ధతి. గోడలు, తాళాలు, ఎవరితో ఎవరు మాట్లాడతారు, రోజు ఎలా గడుస్తుంది, ఇవన్నీ చికిత్సలో భాగం. ఫానన్ దీన్ని బ్లిదాకు పట్టుకెళ్ళాడు. తన కింద 165 మంది యూరోపియన్ స్త్రీలు, 220 మంది ముస్లిం పురుషులు. స్త్రీల వార్డులో సమావేశాలు, సినిమా, సంగీతం, పండగలు, వార్డు పత్రిక మొదలుపెడితే కొద్ది నెలల్లోనే వాతావరణం మారిపోయింది. పురుషుల వార్డులో అదంతా చేశారు, ఏమీ కదల్లేదు. ఎవరూ రారు, వచ్చినా మాట్లాడరు.

అక్కడి పాత సిబ్బంది దగ్గర దానికి జవాబు సిద్ధంగానే ఉంది, వీళ్ళింతే అని. ఫానన్, అజులే ఆ జవాబు తీసుకోలేదు. తప్పు మా దగ్గరే జరిగిందని వ్యాసంలో రాసుకున్నారు. పేషెంట్ల భాష తమకు రాదు, మధ్యలో అనువాదకుడు ఉన్నాడు, అతణ్ణి చూస్తే పేషెంట్‌కు పోలీసు ఆఫీసూ కోర్టూ గుర్తొస్తాయి. జరిపిన పండగలు వాళ్ళవి కావు, పాడిన పాటలు వాళ్ళవి కావు. యూరప్‌లో ఉన్నదాన్ని తెచ్చి ఇక్కడ అతికించి, అతకలేదని పేషెంట్‌ను అన్నామని ఒప్పుకున్నారు. తర్వాత ఆస్పత్రిలో వాళ్ళ తీరు కాఫీ హోటల్ ఒకటి పెట్టారు, వాళ్ళ పండగలు చేశారు, కథలు చెప్పేవాణ్ణి పిలిపించారు. అప్పుడు వార్డులో కదలిక వచ్చింది.

1956లో ఇలాంటిదే ఇంకొకటి చేశాడు, షార్ల్ జెరోనిమీ అనే డాక్టరుతో. బొమ్మలు చూపించి కథ చెప్పమనే మానసిక పరీక్ష ఒకటుంది, దాన్ని అల్జీరియన్ ముస్లిం స్త్రీలకు పెడితే వాళ్ళు కథ అల్లలేకపోయారు. ఊహాశక్తి లేదని రాసేసి ఊరుకోవచ్చు. ఫానన్ బొమ్మలకేసి చూశాడు, అందులో ఉన్నవన్నీ యూరోపియన్ ఇళ్ళు, యూరోపియన్ మనుషులు. తమది కాని ప్రపంచంలో ఏం జరుగుతోందో వాళ్ళు ఎలా చెప్తారు?

ఇది చదివాక రాజకీయ ఫానన్ ఎక్కడి నుంచి వచ్చాడో మీకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. వైద్యంలో ఆయన ప్రభావం ఇప్పటికీ నిలిచి ఉన్నది కూడా ఇక్కడే. పేషెంట్ నొప్పిని అతని భాషలో, అతని బతుకులో పెట్టి వినాలని ఈరోజు మాట్లాడే డాక్టర్లు చాలామంది ఈ వార్డు దగ్గరికే తిరిగొస్తారు.

మూడో మెట్టు: "బ్లాక్ స్కిన్, వైట్ మాస్క్స్", కొంచెం బిగ్గరగా

ఈ పుస్తకాన్ని ఆయన పెన్ను పట్టుకుని రాయలేదు, గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్తుంటే జోసీ రాసుకుంది, తర్వాత ఆయన భార్య అయింది ఆవిడే. అందుకే వాక్యాలు మాటల్లా ఉంటాయి, మధ్యలో తెగుతాయి, హఠాత్తుగా కవిత్వమవుతాయి. కళ్ళతో మాత్రమే చదివితే గందరగోళంగా అనిపించే పేజీ, పైకి చదివితే విడిపోతుంది. నిజంగా చేసి చూడండి.

మొదటి అధ్యాయం భాష గురించి, మనలాంటి వాళ్ళకు అది చాలా దగ్గర. మార్టినిక్‌లో ఇంట్లో క్రియోల్, బడిలో ఫ్రెంచ్. క్రియోల్ మాట్లాడితే పిల్లల్ని కసురుతారు. ఫ్రాన్స్ వెళ్ళేవాడికి అక్కడివాళ్ళు తన 'ర' పలకడం చూసి నవ్వుతారేమోనని టెన్షన్, గదిలో గంటలకొద్దీ సాధన చేస్తాడు. ఫ్రాన్స్ నుంచి తిరిగొచ్చిన పల్లెటూరి కుర్రాడి కథ ఒకటి చెప్తాడు ఫానన్. పొలం పనిముట్టు ఒకదాన్ని చూసి, దీన్నేమంటారు నాన్నా అని ఫ్రెంచ్‌లో అడుగుతాడు. తండ్రి ఏమీ మాట్లాడకుండా దాన్ని కొడుకు కాలి మీద పడేస్తాడు, మతిమరుపు అక్కడికక్కడే వదిలిపోతుంది.

ఇంగ్లీష్ అనువాదంలో జారిపోయే సంగతి ఒకటుంది, తెలుగువాళ్ళం మనం దాన్ని పట్టుకోగలం. ఫ్రెంచ్‌లో మనలాగే నువ్వు, మీరు రెండూ ఉన్నాయి. తెల్ల డాక్టరు తెల్ల పేషెంట్‌ను "మీరు" అంటాడు, అరబ్బు రాగానే, నల్లవాడు రాగానే "నువ్వు" అయిపోతుంది, పైగా ముక్కలు ముక్కలుగా చిన్నపిల్లలతో మాట్లాడే ఫ్రెంచ్ ఒకటి వచ్చేస్తుంది. నాకు వాళ్ళను అవమానించే ఉద్దేశం లేదని ఆ డాక్టరు అంటాడు. ఉద్దేశం లేకపోవడమే, ఆలోచించకుండా నోట్లోంచి రావడమే అవమానం అంటాడు ఫానన్. ఇంగ్లీష్‌లో అన్నీ "యూ" కాబట్టి ఆ పేజీ చప్పగా కనిపిస్తుంది, మీరు చదివేటప్పుడు మనసులో నువ్వు, మీరు పెట్టుకుని చదవండి. 1952లో వచ్చిన "ఉత్తర ఆఫ్రికా సిండ్రోమ్" అనే చిన్న వ్యాసం కూడా దీనితోపాటే చదవాలి, ఒళ్ళంతా నొప్పి అంటూ వచ్చే వలస కూలీని డాక్టర్లు నటిస్తున్నాడని ఎలా తీసిపారేస్తారో అందులో ఉంటుంది. అది "టువార్డ్ ది ఆఫ్రికన్ రెవల్యూషన్" సంపుటిలో దొరుకుతుంది.

తర్వాత ఐదో అధ్యాయానికి వెళ్ళండి. ఒక పిల్లవాడు ఫానన్‌ను చూసి, అమ్మా, నల్లవాడు, నాకు భయమేస్తోంది అంటాడు, ఆ ఒక్క మాటకు తన శరీరం తన చేతుల్లోంచి జారిపోయి ఇతరుల చూపుకు సొంతమైపోవడాన్ని ఫానన్ పేజీలకొద్దీ చెప్తాడు.

నాలుగో అధ్యాయం కొంచెం కష్టం, ఎందుకంటే అది మన్నోని అనే ఫ్రెంచ్ మనోవిశ్లేషకుడితో వాదన. మడగాస్కర్ జనానికి ఇతరుల మీద ఆధారపడాలనే మనస్తత్వం ముందే ఉందని, అందుకే వలస పాలన నిలిచిందని ఆయన 1950లో రాశాడు. అప్పటికి మూడేళ్ళ ముందే, 1947లో, అక్కడి తిరుగుబాటును ఫ్రాన్స్ నెత్తుటిలో ముంచింది. పిల్లల కలల్లో తుపాకీలతో నల్ల సైనికులు వస్తే మన్నోని వాటిని లోపలి కోరికల సంకేతాలుగా చదివాడు. ఫానన్ జవాబు, ఆ కలలోని తుపాకీ నిజం తుపాకీయే, లెబెల్ 1916 మోడల్ అని. సైకియాట్రీ చరిత్రలో అంత పొట్టి, అంత గట్టి జవాబు నేను ఇంకోటి చదవలేదు. తత్వవేత్త హెగెల్, మనస్తత్వవేత్త ఆడ్లర్‌ల మీద చర్చ ఉన్న ఏడో అధ్యాయాన్ని మొదటిసారి వదిలేసినా నష్టం లేదు.

ఇప్పుడు హింస అధ్యాయానికి రండి, పెన్సిల్ పట్టుకుని

సార్త్ర్ ముందుమాటను పుస్తకం మొత్తం అయ్యాక చదవండి. అది యూరోపియన్లకు రాసింది, ఫానన్ రాసింది వలసల్లోని తన తోటివాళ్ళకు. ఒక యూరోపియన్‌ను చంపితే ఒకే దెబ్బకు రెండు పిట్టలు అనే మాట ఫానన్‌దని చాలామంది అనుకుంటారు, అది సార్త్ర్‌ది. 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధ సమయంలో సార్త్ర్ ఇజ్రాయెల్ వైపు నిలబడ్డాడని, ఆ ముందుమాట తీసేయమని జోసీ ఫానన్ ప్రచురణకర్తను కోరింది కూడా.

మొదటి అధ్యాయం చదివేటప్పుడు మార్జిన్‌లో మూడు రకాల గుర్తులు పెట్టండి. ఉన్నది ఉన్నట్టు వర్ణిస్తున్నచోట ఒకటి, ఎందుకు అలా జరుగుతుందో విప్పి చెప్తున్నచోట ఒకటి, ఇలా చేయాలి అంటున్నచోట ఒకటి. తొందరపడి చదివితే అన్నీ మూడో రకంలానే వినిపిస్తాయి, గుర్తులు పెట్టడం మొదలుపెడితే మొదటి రెండూ ఎంత ఎక్కువో మీకే తెలుస్తుంది. వచ్చి స్థిరపడ్డ యూరోపియన్ల పట్టణం రాయీ ఉక్కుతో కట్టింది, దీపాల వెలుగు, నున్నటి రోడ్లు, చెత్తకుండీ కూడా నిండుగా ఉంటుంది. దాని పక్కన స్థానికుల పట్టణం ఇరుకు, ఆకలి, చీకటి. ఆ మధ్య గీత దగ్గర నిలబడ్డవాడు పోలీసు. ఇదంతా వర్ణన. ఆ తర్వాత డాక్టరు మాట్లాడతాడు, వలస పాలనలో ఉన్నవాడి కలలన్నీ కండరాల కలలు అని. రాత్రి నిద్రలో దూకుతాడు, ఈదుతాడు, పరిగెత్తుతాడు, పగలు ఎవరో గీసిన గీతలో కదలకుండా నిలబడాలి కాబట్టి. లోపల పేరుకున్న ఆ బిగువు ముందు తన పక్కవాడి మీదే విరుచుకుపడుతుంది, అన్నదమ్ముల కొట్లాటగా, ఊరి పగలుగా. ఇది కారణం చెప్పడం.

పిలుపు కూడా ఉంది, లేదని నేను దాచను. హింస వ్యక్తిలోని న్యూనతను కడిగేస్తుందని రాశాడు, ఆ వాక్యం మీద 1970లో తత్వవేత్త హన్నా ఆరెంట్ దగ్గర్నుంచి ఎందరో వాదించారు. నా అభిప్రాయం చెప్తాను: ఆ వాక్యాన్ని ఐదో అధ్యాయంలోని కేసులే ప్రశ్నిస్తాయి. అక్కడ చంపినవాడు శుభ్రపడి లేచి వెళ్ళిపోవడం లేదు, రాత్రిళ్ళు చనిపోయిన మనిషి కనిపిస్తుంటే కేకలు వేస్తున్నాడు. రెండూ రాసింది ఒకే మనిషి, రెండూ ఒకే పుస్తకంలో ఉంచాడు. ఒకదాన్ని చింపేసి ఇంకోదాన్ని చదవకండి.

మూడో అధ్యాయం మీద ఎక్కువ రోజులు ఉండండి

జాతీయ చైతన్యంలోని ప్రమాదాల గురించిన ఈ అధ్యాయాన్ని ఒక్కదాన్నే చదవాల్సి వస్తే నేను దీన్నే చదవమంటాను. 1961లో, ఆఫ్రికాలో ఒకదాని వెంట ఒకటి జెండాలు మారుతున్న సంబరంలో, ఆ తర్వాత ఏం రాబోతోందో రాశాడు. కొత్త పాలకవర్గం దగ్గర పరిశ్రమ కట్టే శక్తీ లేదు, కొత్త ఆలోచనా లేదు, వెళ్ళిపోయిన తెల్లవాడి కుర్చీ, బంగళా, ఉద్యోగం మాత్రం కావాలి, పాత యజమానులకు దళారీగా మిగిలిపోతుంది. స్వాతంత్ర్య పోరాటం నడిపిన పార్టీ జనం మాట వినడం మానేసి జనం మీద నిఘా పెట్టే యంత్రమవుతుంది. నాయకుడు పాత త్యాగాల కథలు చెప్తూ జనాన్ని నిద్రపుచ్చుతాడు. పంచడానికి ఏమీ లేనప్పుడు దేశం మీది ప్రేమ పక్క దేశంవాళ్ళ మీద ద్వేషంగా, తర్వాత పక్క తెగ, పక్క మతం మీద ద్వేషంగా జారిపోతుంది. ప్రతి పేరా దగ్గర ఆగండి, మీకు తెలిసిన ఏ దేశం గుర్తొస్తోందో పక్కన రాసుకోండి.

1959 పుస్తకం "ఎ డైయింగ్ కలోనియలిజం" నుంచి కనీసం రేడియో వ్యాసం చదవండి, అది చదువుతుంటే ఫానన్ ఆశ ఎలా ఉండేదో తెలుస్తుంది. రేడియో అల్జీర్స్ అంటే ఫ్రెంచివాళ్ళ గొంతు అని అల్జీరియన్లు ఏళ్ళ తరబడి ఆ పెట్టెనే ఇంట్లోకి రానివ్వలేదు. 1956 చివర్లో విప్లవకారుల రేడియో మొదలైందని తెలియగానే దుకాణాల్లో సెట్లన్నీ అయిపోయాయి. ఫ్రెంచ్ సైన్యం ఆ ప్రసారాన్ని అడ్డుకునేది, గరగరల మధ్య ఒకడు చెవి ఆనించి విని మిగతావాళ్ళకు చెప్పేవాడు, వినబడని చోట అందరూ కలిసి ఊహించి పూరించేవాళ్ళు.

నెట్‌లో ఆయన పేరుతో తిరిగే మాటలను సరిచూసుకోండి

అమెరికాలో నల్లజాతివారిపై పోలీసు హత్యలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిచినప్పుడు ఒక వాక్యం అంతటా తిరిగింది, మేం తిరగబడేది ఏదో సంస్కృతి కోసం కాదు, ఇక ఊపిరాడటం లేదు కాబట్టి అని. పుస్తకంలో అది "మేం" కాదు. ఇండోచైనా జనం తిరగబడ్డది తమదైన సంస్కృతిని కనుక్కున్నందుకు కాదు, వాళ్ళకు ఊపిరి పీల్చడం అసాధ్యమైపోయినందుకు అని "బ్లాక్ స్కిన్" చివరి భాగంలో ఉంది. మార్టినిక్ వాడు ఆసియాలోని పోరాటం గురించి రాసిన మాట అది, ఆ దూరం పోతే మాటలో సగం బలం పోతుంది. ఏ వాక్యం నచ్చినా పుస్తకంలో ఆ పేజీ తెరిచి, దానికి ముందూ వెనకా రెండు పేరాలు చదివాకే ఎవరికైనా పంపండి. అనువాదాలు కూడా పోల్చండి. "ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్" ఇంగ్లీష్‌లో కాన్‌స్టన్స్ ఫారింగ్టన్ చేసినదొకటి, 2004లో రిచర్డ్ ఫిల్‌కాక్స్ చేసినదొకటి ఉన్నాయి. ముఖ్యమైన పేరాను రెండింటిలోనూ చూస్తే చాలాసార్లు చిక్కు విడిపోతుంది.

ఆయనతో గొడవపడండి కూడా

ఫానన్‌ను పటం కట్టి గోడకు తగిలిస్తే ఆయన మనకు పనికిరాడు. నల్ల స్త్రీల గురించి "బ్లాక్ స్కిన్"లో ఆయన రాసిన అధ్యాయంలో రచయిత్రి మయోత్ కపేసియా మీద చూపిన కోపం, అదే తప్పు చేసిన మగవాళ్ళ మీద చూపలేదని స్త్రీవాదులు అన్నారు, చదివితే నాకూ అలాగే అనిపించింది. స్వలింగ సంపర్కుల గురించి రాసిన ముక్కలు చదవడానికి బాధగా ఉంటాయి. వార్డు తీరు మార్చిన డాక్టరే ఆ కాలపు పద్ధతిలో కరెంట్ షాకులూ ఇన్సులిన్ చికిత్సా ఇచ్చాడు. తనకు దగ్గరివాడైన ఎఫ్ఎల్ఎన్ నాయకుడు అబాన్ రమదాన్‌ను 1957 డిసెంబరులో సొంత సంస్థవాళ్ళే చంపారు, యుద్ధంలో వీరమరణం పొందాడని సంస్థ పత్రిక ఎల్ ముజాహిద్ రాసింది, ఆ పత్రికలో పనిచేస్తున్న ఫానన్ బయటికి ఏమీ అనలేదు. ఇవి తెలిసి చదివితే ఆయన చిన్నవాడు కాడు, ఎంత ఇరుకులో నిలబడి రాశాడో తెలుస్తుంది.

తర్వాత ఎవరిని చదవాలి

ఒక్కొక్కరూ ఆయన దగ్గర ఒక్కో గది తలుపు తెరిచారు, కాబట్టి మీకు ఏ అధ్యాయం గుచ్చుకుందో దాన్ని బట్టి వెళ్ళండి. భాషా, చర్మమూ గుచ్చుకుంటే దక్షిణాఫ్రికా నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో దగ్గరికి వెళ్ళండి, అణచివేసేవాడి చేతిలోని బలమైన ఆయుధం అణగారినవాడి మనసే అన్నది ఆయన. అదే భాషా ప్రశ్నను కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఇంగ్లీష్ వదిలేసి తన గికుయులో నవలలు రాసేదాకా తీసుకెళ్ళాడు, మూడో అధ్యాయంలోని దళారీ పాలకులు ఆయన కథల్లో పేర్లూ ముఖాలూ తెచ్చుకుని తిరుగుతారు. చదువు చెప్పే పనిలో ఉన్నవాళ్ళకు బ్రెజిల్‌కు చెందిన విద్యావేత్త పౌలో ఫ్రేరే. 1966లో అమెరికాలోని ఓక్లాండ్‌లో నల్లజాతివారి బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టిన బాబీ సీల్, హ్యూయీ న్యూటన్ "ది రెచెడ్"ను మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు. ఇరాన్ మేధావి అలీ షరీఅతీకి ఫానన్ రాసిన ఉత్తరం ఒకటి "ఎలియనేషన్ అండ్ ఫ్రీడమ్"లో ఉంది, మతం పోరాటానికి బలమిస్తుందా, జనాన్ని విడదీస్తుందా అన్న దగ్గర ఇద్దరికీ కుదరలేదు, ఆ ఉత్తరం మర్యాదగా విభేదించడం ఎలాగో చూడటానికైనా చదవాలి. 2015లో కేప్‌టౌన్ యూనివర్సిటీ విద్యార్థులు బ్రిటిష్ వలస పాలకుడు సెసిల్ రోడ్స్ విగ్రహం తీసేయించినప్పుడు వాళ్ళ చేతుల్లో ఉన్న పుస్తకాల్లో ఫానన్‌వి ముందుంటాయి.

ఒక్క కాగితాన్ని మాత్రం ఆఖరికి ఉంచుకోండి. 1956లో అల్జీరియాను పాలిస్తున్న ఫ్రెంచ్ మంత్రి రోబెర్ లాకోస్త్‌కు ఫానన్ రాసిన రాజీనామా లేఖ, అది కూడా "టువార్డ్ ది ఆఫ్రికన్ రెవల్యూషన్"లోనే ఉంది, రెండు మూడు పేజీలకు మించదు. మనిషి తన పరిసరాల్లో పరాయివాడు కాకుండా చూసే వైద్యమే సైకియాట్రీ అయితే, అరబ్బు తన సొంత దేశంలోనే శాశ్వతంగా పరాయివాడై బతుకుతున్నాడని అందులో రాస్తాడు. అది చదివి, వెంటనే "ది రెచెడ్" వెనక పేజీలు తెరిచి, చెట్టుకు ఆనుకుని వణుకుతున్న పోలీసు కేసు మళ్ళీ ఒకసారి మొదటి నుంచి చదవండి.